రింగు కింద ఇద్దరు

భీమునిపట్నం,
ఆదివారం.

చిరంజీవి అల్లుడికి,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన స్కోరు షీట్ల జిరాక్సులూ అందాయి. ఉత్తరం కన్నా ఆ షీట్లే ఎక్కువసేపు చూశాను. "మన పిల్లకి వచ్చిన సంబంధాల ఫొటోలు కూడా ఇంతసేపు చూళ్ళేదు కదా" అని మీ అత్త దెప్పింది.

నువ్వు అడిగింది ఇదీ: నీ బాస్కెట్‌బాల్ జట్టులో 6 అడుగుల 5 అంగుళాల కుర్రాడొకడు, 6 అడుగుల 3 అంగుళాలవాడు ఇంకొకడు ఉన్నారు. ఇద్దర్నీ ఒకేసారి దించావు. అవతల జట్టులో ఆరడుగులు దాటినవాడు ఒక్కడే. అయినా రింగు దగ్గర బంతి అస్తమానం వాళ్ళ చేతికే పోయింది, మ్యాచూ పోయింది. "అంత పొడుగోళ్ళని పెట్టుకుని కూడా..." అని మీ ప్రిన్సిపాల్ గారు మాట సగంలో ఆపేశారట. కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా (పీడీ) చేరిన మొదటి ఏడే ఇలాంటి మాట పడాల్సి వచ్చిందని నీ బాధ. ఆ బాధ సంగతి తర్వాత. ముందు ఆట సంగతి.

నా మాట ముందే చెప్పేస్తాను. రీబౌండ్, అంటే తప్పిన షాటు బంతిని పట్టడం, ఐదుగురి పని. పొడుగువాడు ఒక్కడే ఉన్నప్పుడు మిగతా నలుగురికీ లోపల భయం ఉంటుంది, తలా ఒక చెయ్యి వేస్తారు. ఇద్దరు దిగేసరికి మిగతా ముగ్గురూ "వాళ్ళున్నారు కదా" అని చేతులు దులుపుకుంటారు. నీకు జరిగింది అదే. తప్పు ఆ కుర్రాళ్ళిద్దరిలో కొంచెం, మిగతా ముగ్గురి కాళ్ళలో ఎక్కువ, నువ్వు ఆడించిన జోన్‌లో అంతకన్నా ఎక్కువ.

షీట్లో ఆ ఇద్దరి పేర్ల పక్కనా రీబౌండ్ల గీతలు బాగానే ఉన్నాయి. నిన్ను తికమక పెట్టినవి అవే. ఇద్దరూ బాగానే పట్టారు, మరి జట్టుకెందుకు తక్కువయ్యాయి అని. మనిషి పేరున గీతలు లెక్కపెడితే ఈ సంగతి తేలదు. పెద్దోడు, అంటే 6 అడుగుల 5 అంగుళాలవాడు, పట్టిన బంతుల్లో కొన్ని, అతను లేకపోయినా పక్కనున్న నీ గార్డుకి దొరికేవే. వాటివల్ల జట్టుకి కొత్తగా ఒరిగిందేమీ లేదు. లెక్క ఇలా కట్టు: అవతలివాళ్ళు తప్పిన షాట్లెన్ని, వాటిలో మనకి దొరికినవెన్ని. వాళ్ళు 40 తప్పారనుకో, మనకి 30 దొరికితే నూటికి 75. గట్టెక్కినట్టే. 24 దొరికితే నూటికి 60. అంటే 16 సార్లు వాళ్ళకి ఇంకో అవకాశం మనమే చేతిలో పెట్టాం. బంతి రింగుకి తగిలి మళ్ళీ వాళ్ళకే దొరికితే షాట్ క్లాక్ 14 సెకన్లకి తిరుగుతుంది. మనవాళ్ళు అప్పటికే ఒక దఫా కాపలా కాసి కాళ్ళు అరగదీసుకుని ఉంటారు. రెండో దఫాకి ఓపిక ఎవరికుంటుంది? నాలుగో క్వార్టర్లో ఓడిపోయామనుకునే మ్యాచ్‌లు చాలామటుకు రెండో క్వార్టర్లో ఇలా వదిలేసిన బంతుల దగ్గరే ఓడిపోతాం.

ఇంకో మాట. ఇద్దరూ కోర్టులో ఉన్నప్పటి లెక్క వేరే, ఒక్కడే ఉన్నప్పటి లెక్క వేరే రాయించు. బెంచీ చివర కూర్చునే పన్నెండోవాడికి ఆ పని అప్పగించు. వాడికీ ఆట అర్థమవుతుంది, ఊరికే కూర్చున్నానన్న చిన్నతనమూ ఉండదు.

ఇప్పుడు బంతి ఎటు పోతుందో చూద్దాం. మూల నుంచి కొట్టిన షాటు తప్పితే ఎక్కువగా రింగు దాటి అవతలి పక్కకి పోతుంది. ఎదురుగా నిలబడి కొట్టినది తప్పితే చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కి, ఫ్రీ త్రో గీత దాకా వస్తుంది. దగ్గర నుంచి కొట్టింది దగ్గరలో, దూరం నుంచి కొట్టింది దూరంగా పడుతుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, కానీ పొడుగువాళ్ళ ఆట మారిపోయింది దీనివల్లే. అంతర్జాతీయ నిబంధనల్లోకి మూడు పాయింట్ల గీత వచ్చింది 1984లో, 6.25 మీటర్ల దగ్గర. 2010 నుంచి అది 6.75 మీటర్లకి జరిగింది. ఆ గీత లేని రోజుల్లో షాట్లన్నీ రింగు చుట్టూనే పడేవి, తప్పినవి రింగు కిందే రాలిపడేవి. అక్కడో పెద్దమనిషిని నిలబెడితే బంతి వాడి నెత్తిన పడేది. ఇప్పుడు మీ కుర్రాళ్ళంతా సెల్‌ఫోన్లో స్టీఫెన్ కర్రీని చూసి పెరిగినవాళ్ళు. ప్రతివాడూ దూరం నుంచే కొడతాడు. ఎక్కువ తప్పుతాడు. ఆ తప్పిన బంతి నీ పెద్దోడి తల మీంచి ఎగిరి ఫ్రీ త్రో గీత అవతల పడుతుంది. అక్కడ ఉండవలసినవాడు గార్డు. మీ గార్డు అప్పటికే ఫాస్ట్ బ్రేక్ కోసం సగం కోర్టు దాటేసి "బాల్, బాల్" అని అరుస్తుంటాడు.

దీనికి మన సిమెంటు కోర్టులు తోడు. ఈ తీరం పొడుగునా రింగులు ఉప్పుగాలికి తుప్పు పట్టి, వెల్డింగు మీద వెల్డింగుతో బిగించినవి. స్ప్రింగు రింగయితే బంతి వేగాన్ని కొంత మింగుతుంది. ఇవి తిప్పికొడతాయి. అదే షాటు ఇండోర్ కోర్టులో రింగు పక్కన పడేది, ఇక్కడ రెండు మీటర్లు అవతల పడుతుంది. మధ్యాహ్నం తిరిగాక సముద్రం గాలి ఒకటి, ఎత్తుగా వేసిన బంతిని జానెడు పక్కకి నెట్టేస్తుంది. మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో మనవాళ్ళంతా లే-అప్‌లు వేసుకుంటూ కాలం గడిపేస్తారు. నువ్వు అలా చెయ్యనివ్వకు. ఆ రింగు మీద మూలల నుంచి, ఎదురుగా నిలబడి కావాలని కొన్ని షాట్లు తప్పించి, బంతి ఎంత దూరం పోతోందో ఇద్దరు పొడుగువాళ్ళనీ నిలబెట్టి చూపించు. అమెరికాలో డెనిస్ రాడ్‌మన్ అని ఒకడుండేవాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలే, ఎన్‌బీఏలో అది పొడుగు కిందికే రాదు. 1992 నుంచి 1998 వరకు వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో వాడే మొదటివాడు. వార్మప్‌లో తనవాళ్ళు షాట్లు కొడుతుంటే పక్కన నిలబడి ఎవరి బంతి ఎన్ని సుళ్ళు తిరుగుతుందో, తప్పితే ఎటు పోతుందో చూస్తుండేవాడని చెబుతారు. వాడి జుట్టు రంగులూ వేషాలూ మీ కుర్రాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ అలవాటు మాత్రం చెప్పు.

మాటల్లో మాట. అసలు రింగు వెనకుండే ఈ బోర్డు పుట్టింది రీబౌండ్ కోసం కాదు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఆట మొదలుపెట్టినప్పుడు బాల్కనీకి బిగించిన పండ్ల బుట్టలే, వెనక బోర్డు లేదు. బాల్కనీలో కూర్చున్న జనం చేతులు చాపి బంతిని అటూ ఇటూ తోసేస్తున్నారని తర్వాత బోర్డు అడ్డం పెట్టారు. దాంతో తప్పిన బంతి వెనక్కి రావడం మొదలైంది. మన కొట్లాటంతా అక్కడి నుంచి వచ్చిందే.

ఇక నీ జోన్. టూ-త్రీ ఆడించావు. పొడుగువాళ్ళు ఇద్దరున్న ప్రతి కాలేజీ జట్టూ అదే ఆడుతుంది. ఇద్దర్నీ రింగుకి దగ్గరగా ఉంచుకోవచ్చు, పరుగు తక్కువ, ఫౌళ్ళు తక్కువ. పైగా మనం ఆడే అంతర్జాతీయ (ఫిబా) నిబంధనల్లో డిఫెన్స్‌లో ఉన్నవాడికి మూడు సెకన్ల రూలు లేదు. ఎన్‌బీఏ వాళ్ళకి 2001-02 నుంచి ఉంది. మనకి లేదు కాబట్టి పెద్దోణ్ణి రింగు కింద పాతేసినా ఎవరూ విజిల్ ఊదరు. ఇదంతా నిజమే. కానీ ఒక కాగితం తీసుకుని గీసి చూడు. పైన ఇద్దరు గార్డులు. వెనక నడుమన పెద్దోడు, కుడి పక్క రెండోవాడు, ఎడమ పక్క 5 అడుగుల 10 అంగుళాల ఫార్వర్డు. అవతలివాళ్ళు బంతిని నీ కుడి మూలకి పంపారు. ఎవడు బయటికి పోవాలి? నీ రెండోవాడే. పోతాడు, చెయ్యి ఎత్తుతాడు, షాటు లేస్తుంది, తప్పుతుంది. బంతి ఎటు పోతుంది? ఎడమకి. ఎడమన ఎవరున్నారు? 5 అడుగుల 10 అంగుళాలవాడు ఒక్కడు, వాడి మీద వాళ్ళవాళ్ళు ఇద్దరు. నీ రెండో పొడుగువాణ్ణి బంతి పడని మూలకి నువ్వే కాపలా పెట్టావు. అవతలి కోచ్ తెలివైనవాడు. రెండో క్వార్టర్ నుంచి బంతి అస్తమానం అదే మూలకి పోయిందని నీ ఉత్తరంలోనే రాశావు, ఎందుకో మాత్రం చూసుకోలేదు.

జోన్‌లో ఇంకో చిక్కుంది. మ్యాన్ టు మ్యాన్‌లో ఎవడికి వాడి మనిషి తెలుసు. షాటు లేవగానే వాణ్ణి వెతుక్కుని వీపు ఆనిస్తాడు. జోన్‌లో చోటుంది గానీ మనిషి లేడు. షాటు లేవగానే ఐదుగురూ తల పైకెత్తి బంతి వంక చూస్తారు. ఆ చూసే లిప్తలో అవతలివాడు ముందుకి దూరిపోతాడు. అందుకని జోన్ ఆడించేటప్పుడు మనిషిని షాటు లేచిన తర్వాత పంచిపెట్టాలి. నీ చోటులో ఎవడుంటే వాడు నీవాడు, ముందు వాణ్ణి చేత్తో తాకు, తర్వాతే బంతిని చూడు. పైన ఉన్న గార్డుల్లో బంతికి దూరంగా ఉన్నవాడు ఎడమ పక్కకి దిగి ఆ ఒంటరి ఫార్వర్డుకి తోడు పడాలి, రెండో గార్డు ఫ్రీ త్రో గీత మీద ఉండాలి. బంతి మనవాడి చేతిలో పడేదాకా ఎవడూ అవతలి రింగు వైపు కదలకూడదు. ఈ ఒక్క షరతు నెలరోజులు నడిపించు. ఫాస్ట్ బ్రేక్ బుట్టలు నాలుగు తగ్గుతాయని గార్డులు సణుగుతారు. సణగనీ.

మ్యాన్ టు మ్యాన్‌లోనూ ఇద్దరు పొడుగువాళ్ళున్నప్పుడు ఒక కంత ఉంటుంది. నీ పెద్దోడికి బ్లాకులంటే సరదా అని షీట్ చూస్తేనే తెలుస్తోంది. అవతలి గార్డు లోపలికి దూసుకొస్తాడు, పెద్దోడు తన మనిషిని వదిలేసి బ్లాకుకి ఎగురుతాడు. తగిలితే చప్పట్లు. తగలకపోతే? షాటు చెదిరి తప్పుతుంది, పెద్దోడు వదిలేసిన మనిషి రింగు కింద ఖాళీగా నిలబడి బంతి అందుకుని లోపల వేసేస్తాడు. చూసేవాళ్ళకి పెద్దోడు కష్టపడ్డట్టే ఉంటుంది. జట్టుకి రెండు పాయింట్లు పోయాయి. రెండో పొడుగువాడికి నువ్వు నేర్పాల్సింది ఇదే: పెద్దోడు గాల్లోకి లేచాడంటే ఆ క్షణం నుంచి పెద్దోడి మనిషి నీవాడు. నీ మనిషిని పక్కనున్న గార్డు చూసుకుంటాడు. అంతేగాని ఇద్దరూ బ్లాకుకి ఎగరకూడదు, ఇద్దరూ ఒకే బంతి మీదికి చేతులు చాపకూడదు. ఒకడు ఎగిరితే రెండోవాడి పాదాలు నేల మీద ఉండాలి.

ఇదేదో మన కాలేజీ జట్ల చేతకానితనం అనుకోకు. 2022-23 సీజన్లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ ఎన్‌బీఏ మొత్తంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు. రింగు కింద జారెట్ ఆలెన్, ఎవాన్ మోబ్లీ, ఇద్దరూ ఏడడుగులకి కాస్త తక్కువ. అవతలివాళ్ళు లోపలికి రావడానికే జంకేవారు. 2023 ఏప్రిల్లో ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో న్యూయార్క్ నిక్స్ చేతిలో 4-1తో ఓడిపోయారు. ఏడడుగుల మిచెల్ రాబిన్సన్ ఆ సిరీస్ పొడుగునా తనవాళ్ళు తప్పిన షాట్లని క్లీవ్‌లాండ్ రింగు దగ్గరే మళ్ళీ మళ్ళీ లాక్కున్నాడు. అతనొక్కడే కాదు, జాష్ హార్ట్ అనే 6 అడుగుల 5 అంగుళాల గార్డు కూడా పొడుగువాళ్ళ మధ్యలోకి దూరి బంతులు తెచ్చుకున్నాడు. క్లీవ్‌లాండ్ గార్డులిద్దరూ, గార్లండ్, డొనోవన్ మిచెల్, 6 అడుగుల 3 అంగుళాలు మించనివాళ్ళు. కింద ఇద్దరు గోడల్లాంటివాళ్ళు ఉండి కూడా ఐదుగురి పని ఇద్దరితో కాలేదు. నాకు తెలిసి నీ ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు లేదు. ఆ మ్యాచ్‌ల వీడియోలు దొరుకుతాయి. మీ కుర్రాళ్ళకి వేసి చూపించు, డంకులు కాదు, షాటు లేచాక క్లీవ్‌లాండ్ గార్డుల పాదాలు ఎటు తిరిగాయో చూపించు.

పొడుగు ఒక్కటే చాలదనడానికి చైనావాళ్ళ సంగతీ ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి యావో మింగ్, వాంగ్ ఝీఝీ, మెంగ్కె బతీర్ ముగ్గుర్నీ పట్టుకెళ్ళారు. యావో 7 అడుగుల 6 అంగుళాలు. ముగ్గురికీ కలిపి నడిచే చైనా గోడ అని పేరు పెట్టారు పత్రికలవాళ్ళు. పదో స్థానంతో తిరిగొచ్చారు.

అలాగని జంట పనికిరాదనీ అనను. శాన్ ఆంటోనియో స్పర్స్‌కి డేవిడ్ రాబిన్సన్, టిమ్ డంకన్ జంట 1999లోనూ, 2003లోనూ టైటిళ్ళు తెచ్చింది. మన దేశం జట్టే చూడు. 2014 జులైలో వుహాన్‌లో ఫిబా ఆసియా కప్‌లో చైనాని వాళ్ళ గడ్డ మీదే 65-58తో ఓడించినప్పుడు మన జట్టులో అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ ఇద్దరూ ఉన్నారు. ఒకడు లోపల ఆడే మనిషి, ఇంకొకడు పొడుగుండి కూడా బయటి నుంచి షాటు కొట్టగలిగినవాడు. అక్కడే ఉంది కిటుకు. జంటలో ఇద్దరూ ఒకే పని చేసేవాళ్ళయితే ఒకడి చోటులో ఒకడు అడ్డం. నీ రెండోవాడికి ఫ్రీ త్రో గీత దగ్గర్నుంచి షాటు పడుతుందని రాశావు. అయితే అదృష్టవంతుడివి. అతన్ని అక్కడే ఉంచు.

మన అటాక్‌లో ఇంకో ప్రమాదం ఉంది. మనం షాటు తప్పగానే ఇద్దరు పొడుగువాళ్ళూ బంతి మీదికి పోతే, దొరికితే సరే. దొరక్కపోతే ఇద్దరూ అవతలి రింగు కిందే ఉండిపోతారు, మనవైపు ఫాస్ట్ బ్రేక్ పడిపోతుంది. పొడుగువాడు వెనక్కి పరుగెత్తి రావడం ఎంత ఆలస్యమో నీకు తెలుసు. అందుకని పెద్దోడు, ఒక వింగ్ ఆటగాడు లోపలికి, మిగతా ముగ్గురూ వెనక్కి. అవతల జట్టు నెమ్మదిగా ఆడేదయితే ఇద్దర్నీ వదులు. 2024-25లో హ్యూస్టన్ రాకెట్స్ అలాగే షెంగున్, స్టీవెన్ ఆడమ్స్ ఇద్దర్నీ కలిపి దించి తప్పిన షాట్లు తిరిగి తెచ్చుకోవడంలో లీగ్‌కే మొదటి స్థానంలో నిలిచింది. అది వాళ్ళ బలం వల్ల, గార్డుల పరుగు వల్ల అయింది. మీవాళ్ళకి ఆ పరుగు వచ్చాక చూద్దువుగాని.

స్టీవెన్ ఆడమ్స్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నీ పెద్దోడికి ఇది తప్పకుండా చెప్పు. ఓక్లహోమాలో ఆడినప్పుడు ఆడమ్స్ షాటు లేవగానే అవతలి పెద్దమనిషికి వీపు ఆనించి తోసుకుంటూ దూరంగా తీసుకుపోయేవాడు. బంతి కోసం పోయేవాడు కాదు. ఖాళీ అయిన చోటులోకి రసెల్ వెస్ట్‌బ్రూక్ వచ్చి పట్టుకునేవాడు. 6 అడుగుల 3 అంగుళాల గార్డుకి 2016-17 సీజన్లో మ్యాచ్‌కి సగటున 10.7 రీబౌండ్లు. పత్రికల్లో పేరు వెస్ట్‌బ్రూక్‌ది. పని ఆడమ్స్‌ది. గార్డు చేతిలో బంతి పడిందంటే వెంటనే పరుగు మొదలవుతుంది, పెద్దోడు పట్టి, దించి, వెతికి ఇచ్చే సమయం మిగులుతుంది. ఈ ఏర్పాటుకి పెద్దోడు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం తేలిక కాదు. మన దగ్గర రైల్వేలోనో, నేవీలోనో, బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం చూసే కుర్రాడికి స్కోరు షీట్లో గీతలు కావాలి. వాడిది దురాశ కాదు, ఇంట్లో పరిస్థితి. అందుకే చెబుతున్నాను, షీట్లో బాక్సవుట్‌కి ఒక గడి గీయించు. ఎవడెన్నిసార్లు వీపు ఆనించాడో రాయించు. సెలక్షన్లకి వెళ్ళినప్పుడు ఆ కాగితం ఎవరూ అడగకపోవచ్చు. కానీ పీడీ సార్ చూస్తున్నాడని వాడికి తెలుస్తుంది.

మీ రెండోవాడు వాలీబాల్ నుంచి వచ్చాడని రాశావు. ఈ తీరం ఊళ్ళలో పొడుగ్గా ఉన్న ప్రతి కుర్రాడూ ముందు వాలీబాలే ఆడతాడు, అది మంచిదే. ఎగరడం, ఎప్పుడు ఎగరాలో తెలియడం వాళ్ళకి వచ్చు. రానిది పట్టుకోవడం. వాలీబాల్లో బంతిని పట్టుకుంటే తప్పు, కొట్టాలి. ఆ చేతులు ఇక్కడా బంతిని కొడతాయి. రీబౌండ్‌కి లేచి తడతాడు, బంతి పోయి అవతలివాడి ఒళ్ళో పడుతుంది. గోడకి బంతి విసిరి, గాల్లోనే రెండు చేతులతో లాక్కుని, గడ్డం కిందికి తెచ్చుకుని, మోచేతులు బయటికి పెట్టి దిగడం రోజూ చేయించు. దిగాక బంతిని నడుము కిందికి దించితే పొట్టి గార్డు లాగేస్తాడు. పొడుగువాళ్ళు పట్టి మరీ పోగొట్టుకునే బంతుల్లో ఎక్కువ ఇలాంటివే. అయితే ఆ తట్టే చేతిని పూర్తిగా మాన్పించకు. మన నిబంధనల్లో బంతి ఒకసారి రింగుకి తగిలాక రింగు పైన ఉండగానే ఎవరైనా తట్టేయొచ్చు, ఎన్‌బీఏలో కుదరదు. రింగు మీద ఊగిసలాడే బంతిని మూలకి తట్టి పడేసే పొడుగు చెయ్యి ఫిబా ఆటలో బంగారం. తట్టేది గార్డు ఉన్న వైపుకి తట్టమను, అంతే.

ఫ్రీ త్రోల దగ్గర కూడా నీవాళ్ళు రెండు బంతులు పోగొట్టారు. రింగుకి దగ్గరి రెండు చోట్లూ డిఫెన్స్‌వే, అక్కడ ఇద్దరు పొడుగువాళ్ళూ ఉండాలి. మూడోవాడి పని ఒకటే, షాటు కొట్టినవాడికి అడ్డం పడటం. దీనికి ప్రాక్టీసు కూడా అక్కర్లేదు, గుర్తు చేస్తే చాలు.

ప్రాక్టీసులో ఏం చేయించాలంటావు. మా పాత పీఈటీలు మద్రాసు వైఎంసీఏ కాలేజీలో చదివొచ్చినవాళ్ళు. 1920లో హారీ క్రో బక్ పెట్టిన కాలేజీ అది. వాళ్ళు మాకు చేయించినదాన్ని మించింది నేనింతవరకు చూళ్ళేదు. మధ్య వృత్తంలో బంతి పెడతారు. వృత్తం చుట్టూ ఐదుగురు, వాళ్ళ వెనక ఐదుగురు. విజిల్ పడగానే వెనకవాళ్ళు బంతి తాకాలి, ముందువాళ్ళు వీపుతో అడ్డుకోవాలి. ఐదు లెక్కపెట్టేదాకా బంతిని ఎవరూ తాకకపోతే ముందువాళ్ళు గెలిచినట్టు. ఇందులో పొడుగుకి విలువ లేదు. నడుము వంచినవాడు, కాళ్ళు ఎడం చేసినవాడు గెలుస్తాడు. నీ 5 అడుగుల 10 అంగుళాలవాణ్ణి పెద్దోడి ఎదురుగా నిలబెట్టు. మొదటిరోజే పెద్దోడు వాణ్ణి దాటలేకపోతే ఆ ఒంటరి ఫార్వర్డుకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది, పెద్దోడికి కొంచెం వినయం వస్తుంది. రెండూ నీకు కావలసినవే. తర్వాత ఐదుగురు ఐదుగురితో మూల షాట్లు. బుట్ట పడితే లెక్కలేదు, తప్పితేనే ఆట. బంతి మనకి దొరక్కపోతే ఐదుగురూ పరుగు, పొడుగువాళ్ళు మాత్రమే కాదు.

ప్రిన్సిపాల్ గారి మాట పట్టించుకోకు. ఆయన పొడుగు చూశాడు, ఓటమి చూశాడు, మధ్యలో ఏముందో చూడటం ఆయన ఉద్యోగం కాదు, నీ ఉద్యోగం. కుర్రాళ్ళిద్దరి ముందూ ఆ మాట ఎత్తకు కూడా. ఈడుకి మించి పొడుగు పెరిగిన పిల్లలు చిన్నప్పటి నుంచీ అందరి చేతా "ఇంత ఉండి ఇది కూడా చెయ్యలేవా" అనిపించుకుంటూనే పెరుగుతారు. నీ నోటి నుంచి కూడా అదే రాకూడదు.

ఇద్దర్నీ విడదీయమని నేను చెప్పను. మొదటి ఐదుగురిలో ఇద్దర్నీ దించు. అవతలివాళ్ళు నలుగురు పొట్టి షూటర్లని పెట్టి రెండోవాణ్ణి బయటికి లాగేస్తుంటే మాత్రం అతన్ని కాసేపు కూర్చోబెట్టు, పెద్దోడికి అలసట వచ్చినప్పుడు మార్చు. అంతకుముందు ఒకటి చెయ్యి. షాటు లేచాక మనిషిని తాకకుండా బంతి వంక చూస్తూ నిలబడ్డ గార్డు ఎవడైనా కనిపిస్తే, వాడు మీ జట్టులో ఎంత బాగా షాటు కొట్టేవాడైనా సరే, పొడుగువాళ్ళ జోలికి పోకుండా ముందు వాణ్ణి బెంచీ మీదికి పిలు.

ఆశీస్సులతో,
మీ మామయ్య